మన లిఫ్టు

"మామయ్యగారూ, 'మన' అని ఎందుకన్నారు?"

కోడలు పొద్దుటినుంచీ అదే ప్రశ్న. పెద్దాయన బత్తాయి ఒలుస్తున్నాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా తియ్యడం ఆయన అలవాటు. తొక్క బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. జవాబు మాత్రం రాలేదు.

బయట సన్నగా వాన. గాలి లేదు. ఎదురు మేడలు సగం దాకా కనిపించి, ఆ పైన మబ్బులో కలిసిపోయాయి. ఆదివారం మధ్యాహ్నమే అయినా ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. గోడమీద గడియారం కూడా మెల్లిగా, ఆలోచించుకుంటూ కొట్టుకుంటున్నట్టుంది.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"వింటున్నాను."

"వింటే సరిపోదు. చెప్పాలి."

"ఏం చెప్పను? మన అంటే మన. నోటికొచ్చిన మాట."

సోఫాలో కునుకు తీస్తున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే అందుకుంది. "ఆయనకంతే. పక్కింటివాళ్ళ కుక్క కరిస్తే, మన కుక్క కరిచిందే అంటూ వచ్చాడు. మనకి కుక్క ఎప్పుడొచ్చిందా అని నేను ఇల్లంతా వెతికాను."

కొడుకు నవ్వాడు. భార్య మొహం చూసి నవ్వు మింగేశాడు. అతనిది కళ్ళజోళ్ళ షాపు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఎవరిదో ఒకరి కళ్ళజోడు తీసుకుని తుడుస్తూ కూచుంటాడు. ఇవాళ వాళ్ళమ్మది దొరికింది.

"కుక్క విషయం కాదత్తయ్యా ఇది," అంది కోడలు. "రేపు పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్ళి ఈ మాట చెప్పాలి. చెబితే మామయ్యగారి ఉద్యోగం పోతుంది. ఆయన పాత ఆఫీసులో ఉన్న శిష్యుడి ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే నేను దొంగనవుతాను."

బత్తాయి తొక్క తెగి నేలమీద పడింది.

ఆమె లిఫ్టులు తయారుచేసే కంపెనీలో చట్టం వ్యవహారాలు చూస్తుంది. పెద్దాయన ఆ లిఫ్టుల్నే పరీక్షించే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుగా జీవితమంతా పనిచేశాడు. తాడు చూసి, బ్రేకు చూసి, బరువు పెట్టి కిందికీ పైకీ నడిపించి, సరే అంటేనే ఊళ్ళో ఏ లిఫ్టయినా కదిలేది. పోయిన ఏడు రిటైరయ్యాడు. కోడలు పనిచేసే కంపెనీవాళ్ళే పిలిచి సలహాదారు కుర్చీ వేశారు.

చేరిన రోజున కోడలే ఆయన్ని ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పింది. రిటైరయిన రెండేళ్ళ దాకా పాత ఆఫీసువాళ్ళతో కంపెనీ పని ఎత్తకూడదు. ఎదురుపడ్డా ఎత్తకూడదు, ఫోన్‌లో కూడా ఎత్తకూడదు. అది చట్టం. మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళు కదా, ఆయన మీద కన్నేసి ఉంచే పని ఇంకెవరికైనా ఇద్దామా అని యజమాని అడిగితే, అక్కర్లేదు, మా మామయ్యగారి సంగతి నాకు తెలుసు అని తనే తలకెత్తుకుంది.

నిన్న కొత్త ఆసుపత్రి భవనంలో ఆ శిష్యుడు ఎదురయ్యాడు. ఇప్పుడు అతనే ఇన్‌స్పెక్టరు. మొహం వెలిగిపోతూ దగ్గరికొచ్చాడు. "గురువుగారు ఫోన్ చేశారమ్మా. మన ఆసుపత్రి లిఫ్టు ఎప్పుడు చూస్తున్నావురా అన్నారు. ఆయన మన అన్నాక ఇంక ఆగుతానా. వరసలో ఉన్నవాటిని పక్కనపెట్టి మీదే ముందు చూసేశాను." శుభవార్త చెబుతున్నాననుకున్నాడు పాపం.

అప్పటినుంచీ ఆమె ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూస్తోంది.

"లిఫ్టులో ఏమన్నా లోపం ఉందా?" అన్నాడు కొడుకు, అద్దం వెలుతురుకి పెట్టి చూస్తూ.

"లేదు," అన్నాడు పెద్దాయన. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "వాడు బ్రేకు చూడకుండా సంతకం పెట్టడు. నేను నేర్పాను."

"లోపం మాటలో ఉంది," అంది కోడలు. "మా లిఫ్టు అని ఉంటే అతనికి అందులో వాటా లేదు. ఎవరో కంపెనీవాడు అడిగాడనుకునేవాడు, వరస ప్రకారం వస్తానని ఫోన్ పెట్టేసేవాడు. మీరు మన అన్నారు. అంటే అతన్ని కంపెనీలోకి లాగారు. కాకపోతే మిమ్మల్ని మీరు మళ్ళీ ఆఫీసులో కలుపుకున్నారు. ఎటు కలిపినా తప్పే. ఎటు కలిపారు మామయ్యగారూ?"

పెద్దాయన బత్తాయి తొనలు విడదీసి పళ్ళెంలో పేర్చాడు. ఒకటీ నోట్లో వేసుకోలేదు.

"అన్నప్పుడు ఎటు కలిపానో చూసుకోలేదమ్మా," అన్నాడు.

లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

* * *

వంటింట్లో కోడలు కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతుంటే అత్తగారు వచ్చి కుళాయి కట్టేసింది.

"నీకు కోపం రావాల్సిందే. రాకపోతే నేనే తెప్పించేదాన్ని. కానీ ఒక్కమాట విను. రిటైరయ్యాక ఆయన పొద్దున్నే తలదువ్వుకుని, చొక్కా వేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూచునేవాడు. నీకు తెలీదు, నువ్వప్పటికే వెళ్ళిపోయేదానివి. ఫోన్ పిల్లిలాగా నిద్రపోయేది. మొదట్లో ఆ శిష్యుడు చేసేవాడు. గురువుగారూ ఈ తాడు ఇట్లా ఉంది, ఏం చెయ్యమంటారు అని. తర్వాత తర్వాత వాడికీ అన్నీ వచ్చేసినట్టున్నాయి."

"అయితే?"

"అయితే ఏముంది. నిద్రలో మాట్లాడతాడు. తలుపుకి ఆనుకోకండి, లోపలికి జరగండి అంటాడు. ఎవర్నండీ అంటే లేచి నన్ను చూసి, నువ్వెక్కడ దిగాలి అంటాడు. నలభై ఏళ్ళు కాపురం చేశాక ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పను?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతోబాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. చెయ్యి తడిగా ఉండటంతో భుజానికి తుడుచుకుంది.

"ఆయన మంచివాడని చట్టానికి చెప్పలేనత్తయ్యా. చట్టం మంచివాళ్ళ కోసం కూడా రాశారు."

"అందుకే అది చదివిన పిల్లని ఏరికోరి తెచ్చుకున్నాం," అంది అత్తగారు. "ఇప్పుడు అనుభవిస్తున్నాం." కుళాయి తనే మళ్ళీ తిప్పి, గిన్నె అందుకుంది.

* * *

వరండాలో పెద్దాయన కుర్చీ రెయిలింగు దాకా జరుపుకుని వానని చూస్తున్నాడు. చినుకులు ఎక్కడినుంచి బయల్దేరుతున్నాయో కనిపించడం లేదు. మబ్బులోంచి ఉన్నట్టుండి పుడుతున్నట్టు ఉన్నాయి. కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"ఆసుపత్రి లిఫ్టు చూడ్డానికి వెళ్ళాను," అన్నాడు పెద్దాయన. "సలహాదారుగానేలే. అది నాకు ఒప్పే."

"ఒప్పే."

"ఇంకా దీపాలు పెట్టలేదు. లిఫ్టు గుంటలో నిలబడి పైకి చూశాను. పైన చిటికెడు వెలుతురు. బావి అడుగునుంచి చూసినట్టు. ఎవరో పైనుంచి పిలుస్తున్నట్టు అనిపించింది. పిలవలేదు. ఊరికే అనిపించింది. తాడుకి కొత్త గ్రీజు వాసన. ఆ వాసనకి నా వయసు నాకు గుర్తుండదు. నా చేతిలో పరీక్ష చేసే బరువులు లేవని కూడా గుర్తులేదు. బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. వాడి మోకాలి నొప్పి ఎట్లా ఉందో అడుగుదామనే చేశాను."

"అడిగారా?"

"అడిగాను. తర్వాత ఇది అడిగాను."

కోడలు రెయిలింగు మీద నీళ్ళని వేలితో తుడిచింది. "ఇంకేమీ లేదా? నిజంగా మీ అంతట మీకే తోచిందా?"

పెద్దాయన ఆమె వంక తిరిగాడు. ఆ చూపు ఆమె ఎరుగును. ఏ లిఫ్టులోనైనా కాలు పెట్టేముందు ఆయన అలాగే చూస్తాడు.

"నన్నెందుకు తీసుకున్నారమ్మా మీ కంపెనీవాళ్ళు?"

"మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని."

"నేనూ అదే అనుకున్నాను. చేరిన రోజున మీ యజమాని కాఫీ ఇప్పించి, మీకక్కడ అందరూ తెలుసు కదా అన్నాడు. లిఫ్టు గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మొన్న పిలిచి, ఆసుపత్రి పని ఆలస్యమైపోతోందండీ, మీరేం చెయ్యకండి, ఊరికే చెబుతున్నా అన్నాడు."

కోడలి చెయ్యి రెయిలింగు మీద ఆగిపోయింది. "అలా అన్నాడా?"

"చెయ్యొద్దనేగా అన్నాడు. తప్పేముంది అందులో." వాన వంక తిరిగి, "చెయ్యొద్దని నాకెందుకు చెప్పాడా అనుకున్నాను," అన్నాడు.

"ఈ మాట పొద్దుటినుంచీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ యజమాని మీదికి నెట్టినట్టుంటుంది. నోరు నాది. ఫోన్ నాది."

ఆమె రెయిలింగు మీంచి చెయ్యి తీసేసింది. రేపు పొద్దున్న తను తలుపు తట్టి లోపలికి వెళ్ళి ఫిర్యాదు చెప్పాల్సింది ఆ యజమానికే. గది, గాజు బల్ల, ఆయన చిరునవ్వు అన్నీ కళ్ళముందు కదిలాయి. ఆయన ఏమంటాడో కూడా వినిపించింది. అయ్యో, నేను వద్దన్నానే, అంటాడు. అబద్ధం కూడా కాదు.

కాలింగ్ బెల్ మోగింది.

* * *

కొడుకు తలుపు తీశాడు. శిష్యుడు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడుగు చేతిలోనే ఉంది గానీ విప్పినట్టు లేదు.

"గురువుగారున్నారా?"

"మీరు ఇక్కడికి రాకూడదండీ," అంది కోడలు లోపలినుంచి.

"తెలుసమ్మా. రాకూడదనే కింద చాలాసేపు నిలబడ్డాను. తడిసిపోయాను, అందుకని వచ్చేశాను."

"వర్షానికి చట్టం తెలీదులే, లోపలికి రా," అంది అత్తగారు. తువ్వాలు తెచ్చి అతని నెత్తిన వేసింది. వేడి పాలు గ్లాసులో పోసి చేతిలో పెట్టింది. అతను తువ్వాలు తియ్యకుండా, గ్లాసు తాగకుండా అలాగే కూచున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు పెద్దాయన.

"కొత్త ఆఫీసరమ్మ ఇంటికి పిలిపించారండీ. ఆదివారమని కూడా చూడకుండా. వరసలో మన ముందున్న హోటలు వాళ్ళు ఫిర్యాదు చేశారట. వాళ్ళ లిఫ్టు ముందు కదా, ఆసుపత్రిది ఎట్లా ముందుకెళ్ళింది అని. ఎవరు ఫోన్ చేశారు నీకు అని అడిగారు."

"నా పేరు చెప్పావా?"

"మీ పేరా?" నిజంగానే నొచ్చుకున్నాడు శిష్యుడు. "ఆ మాట ఎట్లా అంటారండీ. మీ పేరు నా నోట రాదు. అమ్మగారు చేశారని చెప్పాను."

"ఏ అమ్మగారు?" అంది కోడలు.

"మీరేనమ్మా. కంపెనీ తరఫున పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగే హక్కు మీకుంది కదా. మీరు అడిగితే తప్పు లేదు, గురువుగారు అడిగితేనే తప్పు. పేదవాళ్ళ ఆసుపత్రి అని నేనే తొందరపడి వరస తప్పించానన్నాను. మందలింపుతో పోతుంది. నిన్న మీ మొహం మారడం చూసి రాత్రంతా ఆలోచించాను. ఎవరికీ ఏమీ కాకుండా ఇదొక్కటే దారి. ఆవిడ మిమ్మల్ని అడుగుతారు. మీరు అవును అంటే చాలు."

అవును. ఒక్క మాట. ఆ మాట గదిలోకి వచ్చి మెత్తగా అందరి మధ్యా కూచున్నట్టయింది. కొడుకు కళ్ళజోడు తుడవడం మానేశాడు. అత్తగారు కోడలి వంక చూసి, చూపు తిప్పుకుంది. అనమని అడగలేదు. అడగకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటున్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఆలోచించు," అన్నాడు కొడుకు మెల్లిగా. "లిఫ్టు పెట్టించుకున్న ఆసుపత్రివాళ్ళకి నష్టం లేదు. లిఫ్టు బాగానే ఉంది. నాన్న ఉంటాడు. ఈయన ఉంటాడు."

"నేను?"

కొడుకు కళ్ళజోడు మళ్ళీ అందుకున్నాడు.

బల్లమీద కోడలి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె తీసింది.

"ఆదివారం పూట విసిగిస్తున్నానమ్మా," అంది అవతల ఆడగొంతు. నెమ్మదిగా, అలిసిపోయినట్టుంది. గది అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ప్రతి మాటా అందరికీ వినిపించింది. "ఆసుపత్రి లిఫ్టు గురించి మా ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది మీరేనా?"

పెద్దాయన చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు."

కోడలు ఫోన్ గుండెకి ఆనించుకుంది. "మీరు ఆవిడతో మాట్లాడకూడదు మామయ్యగారూ."

"నిజం చెప్పడానికి కూడానా?"

"నిజం ముందు మా ఆఫీసుకి చెప్పాలి. తర్వాత వాళ్ళకి. ఇప్పుడు మీరు నోరు విప్పితే, ఇంకోసారి ఫోన్‌లో మాట్లాడాడు, నచ్చజెప్పబోయాడు అంటారు."

ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ క్షణాన ఆమె మొహం నిద్రపోతున్న చిన్నపిల్ల మొహంలా ఉంది.

"కాదండీ," అంది. "నేను చెయ్యలేదు."

శిష్యుడి చేతిలో గ్లాసు ఒలికింది.

"మరెవరో మీకు తెలుసా?"

"తెలుసండీ. రేపు మా ఆఫీసులో చెప్పి, ఆ తర్వాత మీ దగ్గరికి నేనే వస్తాను. అంతకుముందు మా యజమాని ఏమన్నారో అదీ చెబుతాను."

అవతలా వాన చప్పుడు. "అయితే మావాడు నాతో అబద్ధమాడాడు," అంది ఆఫీసరమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "ఫోన్ ఎత్తడం లేదతను. మీ ఇంటికేమైనా వచ్చాడా?"

తువ్వాలు కింద శిష్యుడి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వద్దని కూడా చెప్పలేని కళ్ళు.

"ఇక్కడే ఉన్నారండీ," అంది కోడలు.

"అతన్ని కదలొద్దనండి. నేను దగ్గర్లోనే ఉన్నాను, వస్తున్నాను."

ఫోన్ ఆగిపోయింది. ఒలికిన పాలు బల్ల మీద మెల్లిగా దారి వెతుక్కుంటున్నాయి. అత్తగారు లేచి గుడ్డ తెచ్చింది గానీ తుడవకుండా పట్టుకుని నిలబడింది.

"మామయ్యగారూ, ఆవిడ వచ్చేసరికి మీరు ఈ గదిలో ఉండకూడదు," అంది కోడలు.

"ఎందుకు?"

"మీరూ, ఆయనా, ఆవిడా, కంపెనీ మనిషినైన నేనూ ఒకే గదిలో ఉంటే, తర్వాత ఎవరేం మాట్లాడారో ఎవరూ నమ్మరు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోండి."

"ఇది నా ఇల్లమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఆయన నోట 'నా' అన్న మాట వినలేదు కోడలు. ఆయనా విన్నట్టున్నాడు. ఇంకేదో అనబోయి, దొరక్క, ఖాళీ చెయ్యి వంక చూసుకున్నాడు.

ఆమె ఫోన్ బల్లమీద పెట్టింది. "సరే," అంది. "అయితే మేమే కిందికి వెళతాం."

శిష్యుడి పక్కనున్న విప్పని గొడుగు తీసుకుంది. అతను లేచి, పెద్దాయన పాదాల దగ్గరికి వంగబోయాడు. "ఇప్పుడు వద్దండీ, పదండి," అంది ఆమె. ఇద్దరూ వెళ్ళిపోయారు. చెప్పులు వేసుకుంటూ కొడుకు కూడా వాళ్ళ వెనక పరుగెత్తాడు.

పెద్దాయన వరండాలోకి వచ్చి కిందికి చూశాడు. గేటు దగ్గర ఒక్క గొడుగు, దాని కింద ఇద్దరు, బయట తడుస్తూ కొడుకు. అంత ఎత్తునుంచి మనుషులు బొమ్మల్లా ఉన్నారు. వాన వాళ్ళ అంచుల్ని చెరిపేస్తోంది.

కారు వచ్చి ఆగింది. ఒకావిడ దిగింది. కోడలు మాట్లాడుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క మాటా పైకి రావడం లేదు. శిష్యుడు తల వంచుకున్నాడు. కోడలు తల వంచుకోలేదు.

"ఏమంటోందండీ?" అంది లోపలినుంచి భార్య.

"వినిపించడం లేదు."

కింద ఆఫీసరమ్మ ఏదో అడిగింది. కోడలు జవాబు చెప్పలేదు. శిష్యుడూ చెప్పలేదు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వానకి చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తి, అంతస్తు తర్వాత అంతస్తు దాటుకుంటూ, సరిగ్గా ఆయన నిలబడిన వరండా దగ్గర చూపు ఆపింది.

"లోపలికి వచ్చెయ్యండి," అంది భార్య.

పెద్దాయన రెయిలింగు పట్టుకుని, కనిపించేలా ఇంకొంచెం ముందుకు జరిగాడు.